జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్: మోడల్‌లో లేని ఫీల్డులు జేసన్‌లో పంపడం ఎలా?

శ్రావణి_బ్యాకెండ్:
జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌తో (పైతాన్‌లో ఏపీఐలు రాసే లైబ్రరీ) రాసిన, పోస్టుల జాబితా ఇచ్చే ఏపీఐ (యాప్‌లకు డేటా అందించేది), పేజీకి 20 పోస్టులు. ఒక్కో పోస్టుకు లైకులెన్ని, లాగిన్ అయినవాళ్లు దాన్ని లైక్ చేశారా అన్నవి కూడా పంపాలి. రెండూ మోడల్‌లో (డేటాబేస్ టేబుల్‌ని సూచించే క్లాసు) లేవు. సీరియలైజర్‌లో (రికార్డుల్ని జేసన్‌కి మార్చే క్లాసు) సీరియలైజర్‌మెథడ్‌ఫీల్డ్ (విలువను మనం రాసిన మెథడ్ ఇచ్చే ఫీల్డు) పెడితే విలువలు సరిగ్గానే వస్తున్నాయి కానీ పేజీకి 40 డేటాబేస్ క్వెరీలు అదనంగా పడుతున్నాయి. టు_రిప్రజెంటేషన్‌ని (సీరియలైజర్‌లో ఒక్కో రికార్డునీ మార్చే మెథడ్) ఓవర్‌రైడ్ చేస్తే తగ్గుతాయా?

కృష్ణాతీరం:
తగ్గవండి. అది కూడా రికార్డుకోసారి నడిచేదే. మీ మెథడ్స్‌లో ఒక కౌంట్ (ఎన్ని ఉన్నాయి), ఒక ఎగ్జిస్ట్స్ (ఉందా లేదా) ఉండి ఉంటాయి. 20 రికార్డులకు రెండేసి చొప్పున అవే ఆ 40. ఈ లెక్క డేటాబేస్‌లోనే తేలిపోవాలి.

వ్యూలో గెట్_క్వెరీసెట్ (ఏ రికార్డులు తేవాలో చెప్పే మెథడ్) రాసి, యానొటేట్‌లో (ప్రతి రికార్డుకూ లెక్కించిన విలువను జతచేసేది) లైకుల సంఖ్యకు కౌంట్, రెండోదానికి ఎగ్జిస్ట్స్ సబ్‌క్వెరీ (క్వెరీ లోపలి క్వెరీ) ఇవ్వండి. సబ్‌క్వెరీలో లైక్ టేబుల్‌ని పోస్ట్=ఔటర్‌రెఫ్('పీకే') (బయటి క్వెరీలోని పోస్టు ప్రైమరీ కీ), యూజర్=సెల్ఫ్.రిక్వెస్ట్.యూజర్ అని ఫిల్టర్ చేయాలి. సీరియలైజర్‌లో అవే పేర్లతో ఇంటీజర్‌ఫీల్డ్, బూలియన్‌ఫీల్డ్ పెట్టి, రెండింటికీ రీడ్_ఓన్లీ=ట్రూ ఇవ్వండి. సీరియలైజర్ లోపలి మెటా క్లాసులోని ఫీల్డ్స్ జాబితాలో కూడా చేర్చాలి, లేకపోతే అసర్షన్‌ఎర్రర్ వస్తుంది.

లాగిన్ కానివాళ్ల సంగతి విడిగా చూడండి. అనానిమస్‌యూజర్‌ని ఆ ఫిల్టర్‌కిస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. వాళ్లకు ఎగ్జిస్ట్స్ బదులు వాల్యూ(ఫాల్స్) చాలు.

శ్రావణి_బ్యాకెండ్:
జాబితా బాగానే వస్తోందండీ, థ్యాంక్స్. కొత్త పోస్టు క్రియేట్ చేసినప్పుడు మాత్రం రెస్పాన్స్‌లో ఆ రెండు ఫీల్డులూ అసలు లేవు. ఎర్రర్ కూడా లేదు. పైగా కామెంట్ల కౌంట్ కలిపాక లైకుల సంఖ్య పెరిగిపోయింది.

గోదారి_కోడర్:
మొదటిది: క్రియేట్ అయిన ఆబ్జెక్టు మీ క్వెరీసెట్ నుంచి రాలేదు కదా, దానిమీద ఆ విలువలు ఉండవు. రీడ్_ఓన్లీ ఫీల్డుకు రిక్వైర్డ్ ఫాల్స్ అవుతుంది, అందుకే విలువ దొరక్కపోతే ఫ్రేమ్‌వర్క్ దాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. మొబైల్ యాప్ వైపు ఇది చాలా ఇబ్బంది పెడుతుంది. కొత్త పోస్టుకు లైకులుండవు కాబట్టి డిఫాల్ట్=0, డిఫాల్ట్=ఫాల్స్ ఇస్తే సరిపోతుంది. లెక్క అంత సూటిగా లేనిచోట పెర్ఫామ్_క్రియేట్‌లో సేవ్ చేశాక, ఆ పీకేతో గెట్_క్వెరీసెట్ నుంచి మళ్లీ తెచ్చి సీరియలైజర్.ఇన్‌స్టెన్స్‌కి ఇవ్వండి.

రెండోది జాయిన్ల (టేబుళ్లను కలపడం) వల్ల. 3 లైకులు, 4 కామెంట్లు ఉన్న పోస్టుకు 12 వరుసలు తయారై, రెండు కౌంట్లూ 12 చూపిస్తాయి. ఒక్కో రికార్డునీ ఒక్కసారే లెక్కించేలా రెండింటికీ డిస్టింక్ట్=ట్రూ పెట్టండి. టేబుళ్లు పెద్దవైతే అదీ నెమ్మదిస్తుంది, అప్పుడు ఒక్కో కౌంట్‌నీ విడి సబ్‌క్వెరీగా రాయడమే నయం.

కృష్ణాతీరం:
అసర్ట్‌నమ్‌క్వెరీస్‌తో (ఎన్ని క్వెరీలు నడిచాయో సరిచూసేది) ఒక టెస్టు కూడా రాసి పెట్టండి. పేజ్‌నంబర్‌పేజినేషన్ (జాబితాను పేజీ నంబర్లతో విడగొట్టే పద్ధతి) అయితే మొత్తం కౌంట్‌కు ఒకటి, జాబితాకు ఒకటి, ఆపైన లాగిన్ సరిచూసేవి. టెస్టులో 2 పోస్టులున్నా 20 ఉన్నా ఆ సంఖ్య మారకూడదు.