రోమా 9:11లో ‘పుట్టి’నా, ‘పుట్టక’నా?

తిరుపతి నుంచి: బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలో కవలలు యాకోబు, ఏశావుల మాట వచ్చేచోట ‘పిల్లలింక పుట్టక’ అని సండే స్కూల్లో కంఠతా పట్టినట్టు గుర్తు. పుస్తకం తీస్తే ‘పిల్లలింక పుట్టి మేలైనను కీడైనను చేయకముందే’ అని ఉంది. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న మా బంధువులమ్మాయికి ఒకాయన ఈ వచనమే పంపి, “పుట్టగానే, ఏమీ చేయకముందే అంతా నిర్ణయమైపోయి ఉంటుంది. నీ బిడ్డ దేవుడి ఏర్పాటులో (ఎంపికలో) ఉందో లేదో ఎవరికి తెలుసు” అన్నాడు. ఆ పిల్ల అన్నం ముట్టడం లేదు. ఆ ‘ట్టి’ అంత బరువు మోస్తుందా?

చిత్తూరు మాస్టారు: మోయదమ్మా. “వాడింకా లేచి మొకం కడుక్కోలా” అంటే లేచినాడనా? లేవనూ లేదు, కడుక్కోనూ లేదు. ముందు ‘ఇంక’ ఉంటే చివరి వ్యతిరేకం ‘లేచి’, ‘పుట్టి’ లాంటి క్త్వార్థకాన్ని కూడా పట్టుకుంటుంది.

పుంగనూరు నుంచి: అన్నిచోట్లా పట్టుకోదు మాస్టారూ. “అన్నం తిని మాత్ర వేసుకోకముందే నిద్రపట్టింది” అంటే అన్నం తిన్నట్టే కదా.

చిత్తూరు మాస్టారు: మీ వాక్యంలో ‘ఇంక’ ఏది సార్?

పుత్తూరు అక్క: ఆదికాండం 25 చూడండి. వాళ్లమ్మ రిబ్కాకు ‘పెద్దవాడు చిన్నవానికి దాసుడగును’ అని దేవుడు చెప్పేటప్పటికి కవలలు కడుపులోనే ఉండారు, ‘పుట్టి’కి ఇంకో అర్థమే లేదు. పైగా ఆ ఇద్దరూ పెరిగి, పెళ్లిళ్లయి, ముసలివాళ్లయినోళ్లు. పురిట్లో పోయిన బిడ్డ గురించి పౌలు అక్కడ ఒక్క ముక్క అనలేదు. బిడ్డ పోయినప్పుడు దావీదు ఏమన్నాడో పంపు తల్లీ: ‘నేను వానియొద్దకు పోవుదును’, 2 సమూయేలు 12:23.

పుంగనూరు నుంచి: పోవుదును సరే, ఎక్కడికి? సమాధికి అని కూడా చెప్పినవాళ్లున్నారక్కా.

పుత్తూరు అక్క: సమాధికే అయితే, లేచి స్నానం చేసి మందిరానికి పోయి మొక్కి, అన్నం పెట్టించుకుని తింటాడా?

మదనపల్లె నుంచి: మన వైపు ఆర్కాటు మిషన్ పెట్టింది అమెరికా రిఫార్మ్డ్ సంఘంవాళ్లు. నెదర్లాండ్స్‌లో జరిగిన 1618-19 డోర్ట్ సంఘసభ తీర్మానాలు వాళ్లకు విశ్వాస ప్రమాణం. ముందు నిర్ణయం గురించి అంత గట్టిగా చెప్పిన ఆ పత్రమే, మొదటి భాగం 17వ అంశంలో, పసితనంలో దేవుడు తీసుకున్న తమ బిడ్డల రక్షణను భక్తిగల తల్లిదండ్రులు సందేహించకూడదంటుంది. ఆ వచనం పంపినాయనకు ఇది చూపించండి.

పుంగనూరు నుంచి: అది విశ్వాసుల పిల్లలకేనన్నా. ప్రెస్బిటేరియన్ల విశ్వాస ప్రమాణం వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలు కూడా ‘ఏర్పరచబడిన శిశువులు’ అని ఆపేసింది.

మదనపల్లె నుంచి: పసితనంలో పోయినవాళ్లంతా ఏర్పాటులో ఉన్నట్టేనని 1903లో అమెరికా ప్రెస్బిటేరియన్లు దానికి వివరణ ఇచ్చారు. ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ నమ్మింది కూడా అదే.

శ్రీకాళహస్తి నుంచి: జాషువా ‘శిశువు’ను మరిచిపోయారే! ‘నిద్రించి లేచిన నిర్గుణుండు.’ మేలూ కీడూ ఇంకా అంటనివాడు. రోమా 9:11కు ఇంతకన్నా మంచి తెలుగు నేను చూడలేదు.

చిత్తూరు మాస్టారు: ఆ నిర్గుణుడు త్రిగుణాలకు అవతలివాడు. ఆ తర్వాతి సీసంలోనే ‘నోరులేని యోగి’ అన్నాడంటే పరబ్రహ్మ లక్షణాలన్నీ పసిబిడ్డకు తొడుగుతున్నాడని. పౌలు దాకా పోనక్కర్లేదు.

శ్రీకాళహస్తి నుంచి: ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ అందుకున్న కవి పౌలును తలచుకోకుండా ఆ మాట వేశాడంటారా? రెండర్థాలూ తెలిసే వేశాడు. ఆ ‘లేచిన’ చూడండి. పుట్టడమంటే కడుపులో నిద్ర లేవడమట. తెలుగులో పురుడును ఇంత ముద్దుగా చెప్పిన పద్యం ఇంకొకటి చూపించండి.

చిత్తూరు మాస్టారు: ముద్దుకేం, నేనూ మొక్కుతాను. అర్థం దగ్గర మాత్రం ఒప్పుకోను.

తిరుపతి నుంచి: దావీదు వచనం, డోర్ట్ 17వ అంశం, మాస్టారి ‘మొకం కడుక్కోలా’ మూడూ పంపిస్తున్నా. పాత ముద్రణలో ‘పుట్టక’ ఎవరికైనా కనబడితే ఫొటో పెట్టండి.

పుంగనూరు నుంచి: మా తాత బైబిలు అటక మీద ఉండాది, దించి చూస్తా. నాకైతే అక్కడ ‘ఇంకను’ అని కూడా గుర్తు.

చిత్తూరు మాస్టారు: ‘ఇంకను’ అయినా అర్థం అదే. ముందు దించండి.