చెరువు "పాడటం": ఇది ఏ పాట?

మా ఊరి వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకాయన "ఈసారి చెరువు ఎవరు పాడారు?" అని పెట్టారు. అది చూసి మా అమ్మాయి "చెరువు గట్టు మీద పాటల పోటీనా నాన్నా?" అంది. నవ్వాను గానీ, చెరువులో చేపలు పట్టుకునే హక్కు కోసం వేలంలో ధర చెప్పడాన్ని పాడటం అని ఎందుకంటామో చెప్పలేకపోయాను. ఎవరికైనా తెలుసా?

జవాబు: పంచాయతీ ఆఫీసు ముందు చేపల పాట ఎప్పుడైనా చూశారా అండీ? "ఇరవై వేలు ఒకటోసారీ... ఇరవై వేలు రెండోసారీ..." అని సాగదీస్తుంటే రాగంలాగే ఉంటుంది. ఇది వ్యుత్పత్తి కాదు, నా ఊహ. ఇంకోటి గమనించండి: ధర చెప్తే "పాడాడు", దక్కించుకుంటే "పాడుకున్నాడు". కాగితాల్లో ఆయనే హెచ్చుపాటదారు. మా ఊళ్లో ఒక ఏడాది ధరావతు (పాటకు ముందు కట్టే డిపాజిట్) కట్టిన ఐదుగురూ పోటీ పడొద్దని ముందే టీకొట్టు దగ్గర రింగయ్యారు. పాట 500 రూపాయలు పెరిగి ఆగిపోయింది. పంచాయతీకి ఏం మిగిలిందో మీరే లెక్కేసుకోండి.

జవాబు: మా తెలంగాణ వైపు హర్రాజు అంటరు. అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది. వేలం, మలయాళం లేలం పోర్చుగీసు నుంచి వచ్చాయంటారు. హర్రాజు, వేలం, పాట మూడింటిలో పాట ఒక్కటే మన సొంతం.

జవాబు: గుత్తను, అంటే కౌలు లాంటి కాంట్రాక్టును, మరిచిపోయారే! మత్స్యకారుల సహకార సంఘానికి ప్రభుత్వమే రేటు నిర్ణయించి చెరువు ఇస్తే ఎవరూ పాడరు, "సొసైటీకి గుత్తకిచ్చారు" అంటారు. కన్నడంలో గుత్తిగె. గుత్తాధిపత్యంలో ఉన్నదీ ఈ గుత్తే. ఆంధ్రలో 2021 నాటి జీవో 217 (ప్రభుత్వ ఉత్తర్వు) మీద గొడవ పాటకీ గుత్తకీ ఉన్న ఈ తేడా గురించే. దాంతో నెల్లూరు జిల్లాలో పెద్ద చెరువులను బహిరంగ వేలానికి తెచ్చారు. పోటీ ఉంటే ఖజానాకు ఎక్కువ వస్తుందన్నది ప్రభుత్వం లెక్క. వల తప్ప పెట్టుబడి లేనివాడు షావుకారుతో ఎంతవరకు పాడగలడన్నది మత్స్యకారుల ప్రశ్న. నాకైతే రెండోదే సబబనిపించింది. ప్రభుత్వం మారాక, 2024లో ఆ జీవో రద్దుకు కేబినెట్ నిర్ణయించింది.

మొదట అడిగింది నేనే. అందరికీ థ్యాంక్స్. ఊళ్లో కనుక్కున్నాను. ఈసారి చెరువు అసలు పాటకే రాలేదట, సొసైటీకే ఇచ్చారట. మరి "ఎవరు పాడారు" అన్నారేంటని ఆయన్ని అడిగితే, "చెరువన్నాక అలాగే అంటాం గదయ్యా" అన్నారు.