హాంకాంగ్ పీక్ ట్రామ్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో దిగేటప్పుడు క్యూ ఎలా తప్పించుకోవాలి?

ప్రస్తుతం అమ్మతో హాంకాంగ్‌లో ఉన్నాను. 1888 నుంచి నడుస్తున్న, విక్టోరియా పీక్ కొండ మీదికి వెళ్లే పీక్ ట్రామ్ ఎక్కాలని, కొండ మీద నుంచి విక్టోరియా హార్బర్ లైట్లు చూడాలని అమ్మకు చాలా కోరిక. ఆవిడ పది నిమిషాలకు మించి నిలబడలేరు.

శనివారం సాయంత్రం 5 గంటలకు కింద ట్రామ్ ఎక్కే గార్డెన్ రోడ్ స్టేషన్‌కు వెళ్లాం. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నా ఎక్కడానికి మళ్లీ లైన్‌లో నిలబడాల్సిందే. అది మెట్రో వైపు దాకా సాగి ఉంది. అమ్మ కాళ్లు వణకడం చూసి వెనక్కి తీసుకొచ్చేశాను. మర్నాడు సెంట్రల్ అనే ప్రాంతం నుంచి 15 నంబరు బస్సులో పైకి వెళ్లాం. కూర్చునే వెళ్లారు, పైన లయన్స్ పెవిలియన్ అనే వ్యూపాయింట్ దగ్గర టికెట్ లేకుండానే లైట్లు చూశారు కూడా. కానీ రాత్రి 8 దాటాక దిగే ట్రామ్‌కూ అంతే రద్దీ, మళ్లీ బస్సే గతి. హోటల్‌లో అడిగితే ఒకరు పొద్దున్నే వెళ్లమంటారు, ఇంకొకరు రాత్రి ఆలస్యంగా అంటారు. పొద్దున వెళ్తే లైట్లు కనిపించవు కదా!

ఇప్పుడు సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో. ఈసారి బుధవారం బస్సులో ఎక్కి ట్రామ్‌లో దిగుదామని ప్లాన్. దిగేటప్పుడు వెనక్కి జారుతున్నట్టుండే ఆ వాలు అమ్మకు ఎలాగైనా చూపించాలి.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: మామూలు రోజుల్లో చీకటి పడ్డాక ఏ టైమ్‌కు దిగే ట్రామ్ క్యూ పది నిమిషాల లోపు ఉంటుంది?