అప్‌డేట్: పదేళ్ల పాపతో డబ్లిన్ డేవీ బర్న్స్ పబ్‌కి వెళ్లొచ్చాం

మందు ముట్టని వాళ్లం, పాపని తీసుకుని డ్యూక్ స్ట్రీట్‌లోని డేవీ బర్న్స్‌కి వెళ్లొచ్చా అని అడిగాను కదా. నిన్న వెళ్లొచ్చాం, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్లమన్న మాటే పనికొచ్చింది. అమ్మానాన్నలు వెంట ఉంటే పిల్లల్ని రానిస్తారు, కానీ రాత్రి 9 దాటాక కుదరదు (మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే 10). డ్రెస్ గురించి ఊరికే బెంగపడ్డాను, సగం మంది జీన్స్‌లోనే ఉన్నారు.

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ రాసిన 'యులిసిస్' నవలలో హీరో బ్లూమ్ ఈ పబ్‌లోనే తిన్న గోర్గోంజోలా (ఇటలీ చీజ్) శాండ్‌విచ్ తెప్పించాం. చీజ్ నిండా నీలి చారలు, ఘాటు వాసన. పాప ముక్కు మూసుకుని బ్రెడ్ అంచులు మాత్రం కొరికింది. నేను ముట్టలేదు, మా ఆయన లాగించేశారు. ఆ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో, శాకాహారులు చూసుకోండి.