ద్రవాభిసరణంలో ‘అభి’ ఎందుకుంది?

తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురికి నిన్న సైన్స్ పాఠం చెబుతున్నాను. “పిన్నీ, విసరణ, ద్రవాభిసరణం రెండూ కదలడమేగా, రెండు పేర్లెందుకు?” అంది. నిర్వచనాలు పక్కన పెట్టి మాటలనే విడదీసి చూపించాను. సభ్యులకూ నచ్చుతుందని ఇక్కడ రాస్తున్నాను.

రెండింటిలోనూ ధాతువు ఒకటే: ‘సృ’, అంటే సాగడం. ప్రసారం, అనుసరణ, సంసారం కూడా అందులోంచి పుట్టినవే. తేడా అంతా ఉపసర్గలో ఉంది. ‘వి’ అంటే విడివడి, నలువైపులా. అగరొత్తి వెలిగిస్తే వాసన ఇల్లంతా పరుచుకుంటుంది, అది విసరణ. ‘అభి’ అంటే ఒకదాని వైపు. ప్రియుణ్ని కలవడానికి తానే బయల్దేరే నాయికను అభిసారిక అన్నది అందుకే. ద్రవ + అభిసరణం, సవర్ణదీర్ఘ సంధి. ఇక్కడ బయల్దేరేది నీరు. ఎటు? ఉప్పో చక్కెరో ఎక్కువగా ఉన్న వైపు. మధ్యనున్న పొర, అంటే కణం చుట్టూ ఉండేది, నీటిని పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా పోనివ్వదు. నీరు పల్లమెరుగు అంటాం కదా, కణం దగ్గర నీటికి పల్లం ఉప్పున్న వైపే.

మాగాయ పెట్టే ఇళ్ళలో ఇది ఏటా కళ్ళారా చూసేదే. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఉంచితే మూడో రోజుకి ఊట దిగుతుంది. మనం చుక్క నీళ్ళు పోయలేదు, అదంతా ముక్కల కణాల్లోంచి వచ్చిందే. ‘ఊట’ ఎంత మంచి మాటో! ఏటి చెలమలో ఊరే నీటికీ అదే పేరు.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ‘అభి’ అంటే నీరు ఒకవైపే పోతుందని పిల్లలు అనుకోరా? అణువులు రెండు వైపులా తిరుగుతూనే ఉంటాయి కదా. పైగా ఆ పొరను ‘అర్ధపారగమ్య త్వచం’ అంటారు, అంటే సగమే పోనిస్తుందనా?

జవాబు: మీరన్నది నిజమండీ. రాకపోకలు రెండు వైపులా ఉంటాయి, ఉప్పున్న వైపు వెళ్ళేవి ఎక్కువ. ‘అభి’ చెప్పేది ఆ మిగులునే. ఈ సంగతి పిల్లలకు విడిగా చెప్పి తీరాలి.

‘అర్ధ’ నాకూ నచ్చదు. ‘విచక్షణా త్వచం’ చాలా మేలు. కొవ్వు అణువులు రెండు వరసలుగా పేర్చుకున్న ఆ పొరలోంచి ఆక్సిజన్ నేరుగా దూరిపోతుంది. గ్లూకోజుకు మాత్రం దాటించే ప్రొటీన్ కావాలి. నీటికైతే ప్రత్యేకంగా దారులే ఉన్నాయి. ఆక్వాపోరిన్లు అనే ఆ ప్రొటీన్లు నీటికి దారిస్తాయని శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం 1992లో చూపించింది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎవరిని ఎలా పంపాలో తెలిసిన పొరకు విచక్షణ అనే మాట సరిగ్గా సరిపోతుంది.

ఇక ‘సరణ’ అనకూడని చోటు ఒకటుంది. కణం లోపలికంటే బయటే సోడియం ఎక్కువ. అయినా పొరలోని పంపు ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుతో 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని ‘సక్రియ రవాణా’ అంటున్నాం, తప్పు లేదు. కానీ పల్లం నుంచి మెరకకు నీళ్ళు తోడే పనికి మనకు ‘ఎత్తిపోత’ అనే మాట ఉంది. దానికి కరెంటు కావాలి, దీనికి ఏటీపీ కావాలి. మా పాపకు ఆ మాటతోనే చెప్పాను, వెంటనే అర్థమైంది. ‘ఎత్తిపోత రవాణా’ అని బడిలో ఎవరైనా వాడి చూశారా?