అప్‌డేట్: సాగర్ దగ్గర హైడ్రాలజీ ఉద్యోగంలో చేరాను

సివిల్ ఇంజనీరింగ్ అయ్యాక డ్యామ్ హైడ్రాలజీ (నీటి రాకపోకల లెక్క) ఉద్యోగం వచ్చింది, ఇంట్లో సాఫ్ట్‌వేర్‌కే పొమ్మంటున్నారు, ఏం చేయమంటారని అడిగాను కదా. చేరిపోయాను. నాగార్జునసాగర్ మీద పని. "ముందు రిజర్వాయర్ లెక్క నేర్చుకో తమ్ముడూ" అని అప్పుడు సలహా ఇచ్చిన అన్నకు చాలా థ్యాంక్స్, ఇప్పుడు నా పనంతా అదే.

డ్యామ్‌లోకి వచ్చే వరద మొత్తాన్ని నేరుగా కొలిచే మీటరేదీ లేదు. మట్టం ఎంత పెరిగింది, గేట్లు, పవర్‌హౌస్, కాలువల గుండా ఎంత పోయిందో చూసి రాబట్టాలి. 590 అడుగుల నిండు మట్టం దగ్గర ఒక్క అడుగంటే సుమారు 3 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అంటే గంట లెక్కలో అంగుళం తేడా పడితే ఇన్‌ఫ్లో 70 వేల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) మారిపోతుంది! గాలికి మట్టం చూసే స్కేలు మీద అలలు కొడుతుంటే అంగుళం తేడా రావడం ఎంతసేపు? అందుకే కొన్ని గంటల సగటు తీసి, పైనున్న శ్రీశైలం నుంచి వదిలిన నీటితో సరిచూసుకుంటాం. 26 గేట్లలో ఎన్ని ఎత్తాలన్నది ఈ అంకెను బట్టే ఉంటుంది. కింద ఊళ్లున్నాయి, టెన్షన్ ఉండదా మరి.

పవర్‌హౌస్‌లోని 8 యూనిట్లలో 7 రివర్సిబుల్, కింది నీటిని మళ్లీ పైకి తోడగలవు. అది నేర్చుకోవాలని చాలా ఆశగా ఉంది.

నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఎంటెక్ సంగతి రెండు మూడు వరద సీజన్లు చూశాకే.