కావలిలో ఇంటి పెరట్లో కమలా చెట్టు: ఏ మొక్క కొనాలి, ఎలా పెంచాలి?

ప్రశ్న: కావలి పెరడు

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక తూర్పు వైపున ఒక చెట్టుకు సరిపడా ఖాళీ స్థలం ఉంది. పైన ఇసుక కలిసిన ఎర్రమట్టి, రెండడుగులు తవ్వితే జిగురుగా ఉండే బంకమట్టి తగులుతున్నాయి. బోరు నీళ్లు తాగడానికి పనికిరావు, కొంచెం ఉప్పగా ఉంటాయి, అయినా వాటితోనే నిమ్మ, మునగ, కరివేపాకు చెట్లు బతుకుతున్నాయి. పిల్లలు కమలా పండ్లు ఇష్టంగా తింటారు కాబట్టి ఒక చెట్టు వేద్దామని అనుకుంటున్నాను.

మొన్న మా వీధిలోకి ఆటోలో మొక్కలు అమ్మే అతను వచ్చాడు. అతని దగ్గర మోకాలెత్తు మొక్క ఒకటి, ఆకు కనిపించనంతగా గుత్తులు గుత్తులుగా పసుపు, నారింజ రంగు కాయలతో ఉంది. నాగపూర్ కమలా అనీ, కుండీలోనే ఏడాది పొడవునా కాస్తుందనీ చెప్పి 450 రూపాయలు అడిగాడు. ఊరి బయట నర్సరీలో చూస్తే, కాయ మాట అటుంచి కొమ్మ కూడా సరిగా లేని పెన్సిలంత పుల్లను చూపించి, ఇదే అసలైన అంటు కమలా, 120 రూపాయలు అన్నారు. ఈ రెండింటిలో ఏది తీసుకోవాలి? నేలలో వేయడం మంచిదా, డ్రమ్ములో పెంచడం మంచిదా? మన నెల్లూరు ఎండలకు కమలా తియ్యబడదని పక్కింటివారు అంటున్నారు, అది నిజమేనా?

జవాబు: పొదలకూరు నిమ్మతోట

అమ్మా, ఆటోలో మీరు చూసినది కమలా కాదు. మోకాలెత్తు మొక్కకు గోలీకాయకన్నా కాస్త పెద్దవైన కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయంటే అది నర్సరీల వాళ్లు చైనా ఆరెంజ్ అని పిలిచే అలంకరణ మొక్క. ఇంగ్లీషులో దాని పేరు కాలమాండిన్. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నిజంగానే కుండీలో ఏడాదంతా కాస్తుంది, కానీ కాయ నోట్లో పెట్టుకుంటే నిమ్మకాయంత పులుపు. పులిహోరకో, షర్బత్తుకో కావాలంటే నిస్సంకోచంగా కొనవచ్చు. పిల్లలు తొనలు ఒలుచుకుని తినడానికి మాత్రం పనికిరాదు. కాయలతో ఉన్న మొక్కను చూపిస్తే బేరం త్వరగా కుదురుతుందని అమ్మేవాళ్లకు తెలుసు, అందుకే ఎక్కువగా దానినే తిప్పుతారు.

నర్సరీలో చూసిన ఆ పుల్లనే తీసుకోండి, అయితే కొనేముందు కొన్ని విషయాలు పరిశీలించాలి. మట్టికి జానెడు ఎత్తున కాండం మీద చిన్న వంపు ఉంటుంది, అక్కడ బెరడు రంగు కూడా కొద్దిగా మారుతుంది. కన్ను అంటు కట్టిన చోటు అదే. ఆ వంపు కనిపించకపోతే అది గింజ మొక్క. గింజ నుంచి వచ్చిన కమలా కూడా చాలావరకు తల్లి గుణాన్నే నిలుపుకుంటుంది గాని, నిండా ముళ్లతో పెరిగి, కాపుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం తీసుకుంటుంది. అంటు మొక్కయితే మూడు నాలుగేళ్లకే పూతకు వస్తుంది. అంటు చుట్టూ కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే ఇంటికి తెచ్చిన వెంటనే జాగ్రత్తగా కోసి తీసేయండి, లేకపోతే కాండం లావయ్యే కొద్దీ పట్టీ బెరడులోకి దిగి మొక్కను బిగించేస్తుంది.

ఇక అడగవలసిన అసలు ప్రశ్న, ఏ వేరుమూలం మీద, అంటే అంటుకు కింద వేర్లనిచ్చే ఏ మొక్క మీద కట్టారన్నది. మన వైపు నర్సరీల్లో ఎక్కువగా రెండే ఉంటాయి, జంబీరి ఒకటి, రంగపూర్ నిమ్మ రెండోది. జంబీరి మీద కట్టిన మొక్క తొందరగా ఏపుగా పెరుగుతుంది, కానీ నీరు నిలిచే నేలలో వేరుకుళ్లుకు సులభంగా లొంగిపోతుంది, పండు రసం కూడా కొంచెం చప్పగా ఉంటుంది. రంగపూర్ నిమ్మ ఉప్పు నీటినీ, సున్నపు నేలనూ, బెట్టనూ దానికంటే బాగా ఓర్చుకుంటుంది. మీ బోరు సంగతి విన్న తరువాత నేను రెండో మాట లేకుండా రంగపూర్ నిమ్మ మీద కట్టినదే తీసుకోమంటాను. వేరుమూలం పేరు అడిగితే చెప్పలేని నర్సరీలో ఏ నిమ్మజాతి మొక్కనూ కొనకపోవడం ఉత్తమం, ఎందుకంటే తల్లిచెట్టు సంగతి కూడా వాళ్లకు తెలిసి ఉండదు.

మొక్క నాటాక అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అవి వేరుమూలానివి. వదిలేస్తే రెండేళ్లలో పై కమలాను అణచేసి తామే చెట్టవుతాయి, ఆ తరువాత కమలాకు పుల్లటి కాయలు కాస్తున్నాయేమిటని ఆశ్చర్యపోవలసి వస్తుంది.

జవాబు: ఒంగోలు మిద్దెతోట

నీటి విషయం మీద నాలుగు మాటలు చెప్పాలి. నిమ్మజాతి చెట్లన్నీ ఉప్పుకు సున్నితమైనవే. టి.డి.ఎస్., అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం చూసే చిన్న మీటరు కొని బోరు నీటిని పరీక్షించుకోండి. లీటరుకు 700 మిల్లీగ్రాముల వరకు పెద్దగా ఇబ్బంది ఉండదు, అది దాటే కొద్దీ దిగుబడి తగ్గుతూ వస్తుంది. ముదురు ఆకుల కొనలు గోధుమ రంగుకు మారి ఎండుతూ వేసవిలో రాలిపోతుంటే ఉప్పే కారణమని అనుమానించాలి. అటువంటి నీటిని ఆకుల మీద చల్లకూడదు, మొదట్లోనే పోయాలి. ఇంట్లో మంచినీటి యంత్రం నుంచి బయటకు పోయే నీరు వృథా అవుతోందని చాలామంది దానిని మొక్కలకు పోస్తుంటారు. ఆ నీటిలో లవణాలు మామూలు బోరు నీటికన్నా ఎక్కువగా ఉంటాయి కాబట్టి కమలాకు మాత్రం వద్దు.

డ్రమ్ములో పెంచడం సాధ్యమే. రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోసి, అడుగున వేలు పట్టేంత రంధ్రాలు చాలినన్ని పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి, అందులో కొంత వేపపిండి వేసి నింపుకోవచ్చు. అయితే డ్రమ్ములో ఉప్పు పేరుకుపోతుంది, రోజూ పోసే కొద్దిపాటి నీటితో అది బయటకు పోదు. ఈశాన్య రుతుపవనాల వానలు పడేటప్పుడు డ్రమ్మును చూరు కింద కాకుండా ఆరుబయట ఉంచితే ఆ వాన నీరే ఏడాది ఉప్పును కడిగేస్తుంది. పడమటి గోడ పక్కన మాత్రం పెట్టకండి, సాయంత్రం వరకు గోడ విడిచే వేడికి వేర్లు ఉడికిపోతాయి. రోహిణి కార్తె ముగిసే వరకు పైన యాభై శాతం నీడనిచ్చే వల కట్టాలి. ఇవన్నీ చూసుకోగలిగితే డ్రమ్ము సరే, కానీ పెరట్లో స్థలం ఉన్న మీకు నేలే మేలని నా అభిప్రాయం.

జవాబు: ఉద్యానశాఖ విశ్రాంత ఉద్యోగి

పై ఇద్దరూ చెప్పినది సబబుగానే ఉంది. తీపి గురించి మీరు అడిగిన ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి దానికి జవాబు రాస్తున్నాను.

మీ పక్కింటివారు చెప్పినదానిలో సగమే నిజం. కమలా నెల్లూరు జిల్లాలో తియ్యబడుతుంది, కానీ నారింజ రంగుకు తిరగదు. తోలులోని పచ్చదనం విరిగిపోయి నారింజ రంగు బయటపడాలంటే పండు ముదిరే రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల దాకా దిగాలి. నాగపూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు అంత చల్లగా ఉంటాయి, కూర్గ్ కొండల మీద ఎత్తు వల్ల ఆ చలి దొరుకుతుంది. మన కోస్తాలో సంక్రాంతికి కూడా రాత్రి వేడి 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అందువల్ల మీ చెట్టు పండు ఆకుపచ్చగానో, మహా అయితే పసుపు కలిసిన ఆకుపచ్చగానో ఉండి లోపల పూర్తిగా పండుతుంది. రంగు కోసం ఎదురుచూస్తూ చెట్టు మీదే వదిలేస్తే తొనలు ఎండి, బెండులాగా రసం లేకుండా తయారవుతాయి. పూత నుంచి ఎనిమిది తొమ్మిది నెలలు గడిచి, తోలు కాస్త వదులై, వేలితో నొక్కితే మెత్తగా తగిలినప్పుడు ఒక పండు కోసి రుచి చూడటమే సరైన పరీక్ష. బజారులో కనిపించే ఏకరీతి నారింజ రంగుతో మీ పండును పోల్చుకోకండి. పచ్చిగా ఉన్న సరుకును ఇథిలీన్ అనే వాయువు నింపిన గదుల్లో పెట్టి రంగు తెప్పించే పద్ధతి వ్యాపారంలో ఉంది.

కిన్నో అనే రకం కూడా నర్సరీల్లో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో 1915లో కింగ్, విల్లో లీఫ్ అనే రెండు కమలాలను సంకరం చేసి, 1935లో విడుదల చేసిన రకం అది. పంజాబు చలికి అక్కడ బాగా స్థిరపడింది. దాని రంగు, పులుపు తీపుల పొందిక ఆ చలి వల్ల వచ్చినవే. పైగా గింజలు ఎక్కువ. మీకు నాగపూర్ రకమే చాలు.

నాటే విధానంలో మీ నేల కింద ఉన్న బంకమట్టి గురించి ఎక్కువగా ఆలోచించాలి. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. మీటరు లోతు గుంత తీసి ఎరువు నింపమని పుస్తకాల్లో ఉంటుంది, కానీ మీ పెరట్లో అలా చేస్తే ఆ గుంత బంకమట్టిలో తవ్విన బానలా నీటిని పట్టుకుని వేర్లను కుళ్లబెడుతుంది. బంకమట్టి జోలికి పోకుండా పైపైన అడుగున్నర లోతు మాత్రమే తవ్వి, బయటి నుంచి ఎర్రమట్టి తెచ్చి మాగిన ఎరువుతో కలిపి, అడుగు ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. అంటు కట్టిన చోటు మట్టికి కనీసం జానెడు పైనే ఉండాలి, తరువాత ఎరువు వేసినప్పుడు కూడా అది పూడిపోకూడదు. నీరు పోయడానికి రెండు వలయాలుగా పాదు చేసి, లోపలి వలయం పొడిగా ఉంచి, బయటి వలయంలోనే నీరు నిలపాలి. కాండం మొదలు ఎప్పుడూ తడిగా ఉండటమే బెరడు నుంచి జిగురు కారే బంక తెగులుకు మొదటి ఆహ్వానం. వానల ముందు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం వేరువేరుగా ప్లాస్టిక్ పాత్రల్లో నానబెట్టి, మొత్తం లీటరు నీటికి కలిపిన బోర్డో పేస్టును కాండం మొదట అడుగున్నర ఎత్తు వరకు పూయండి.

మొదటి రెండేళ్లు వచ్చిన పూతను గిల్లేయడం కష్టంగా ఉంటుంది గాని చెట్టు బలంగా ఎదగడానికి అది అవసరం. పూత కోసం నీరు ఆపి ఎండగట్టే పద్ధతి తోటలకు సంబంధించినది, మే నెల ఎండలో ఇంటి చెట్టు మీద దానిని ప్రయోగించకండి. మన దగ్గర ఏడాదిలో రెండు మూడు విడతలుగా పూత వస్తుంది. జనవరి, ఫిబ్రవరి పూత కాయలు నవంబరు వానల్లో పండి కొంచెం నీళ్లోడతాయి, జూన్, జూలై పూత కాయలు ఫిబ్రవరి తరువాత పొడి వాతావరణంలో పండి తియ్యగా ఉంటాయి. చాలా రోజులు నీరు పెట్టకుండా ఒక్కసారిగా పారిస్తే కాయలు పగులుతాయి.

జవాబు: ఉదయగిరి వాసి

ఇంత శ్రమ పడేకంటే బత్తాయి వేసుకోవచ్చు కదా అని నాకు అనిపిస్తోంది. మన రాష్ట్రపు వేడికి సాత్‌గుడి బత్తాయి అలవాటు పడిన చెట్టు, దాని పండు పచ్చగా ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు.

ప్రశ్నించినవారి మాట: కావలి పెరడు

అందరికీ ధన్యవాదాలు. బత్తాయి సలహా బాగుంది గాని, పిల్లలు తమంతట తాము ఒలుచుకుని తినే పండు కావాలన్నదే నా ఉద్దేశం. నాగపూర్ రకం, రంగపూర్ నిమ్మ మీద కట్టినదే అడుగుతాను. ఇంకొక సందేహం ఉంది. దిబ్బ పోయదలచిన చోటికి పక్కనే కరివేపాకు చెట్టు ఉంది. దాని లేత ఆకులు తరచుగా ముడుచుకుంటున్నాయి. నిమ్మ చెట్టు ఆకులు కూడా ఈ మధ్య పసుపు తిరుగుతున్నాయి. వీటి వల్ల కొత్త మొక్కకు ఏమైనా హాని ఉందా?

జవాబు: పొదలకూరు నిమ్మతోట

ఉందమ్మా, మంచి సమయంలో అడిగారు. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబానికి చెందినదే. దాని లేత చిగుళ్ల మీద కనిపించే సిల్లా అనే చిన్న పురుగే నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు మోస్తుంది. చిగురును తిప్పి చూడండి, పసుపు రంగు పిల్ల పురుగులు, వాటి వెనుక తెల్లటి మైనపు పోగులు కనిపిస్తే అదే సిల్లా. కూర్చున్నప్పుడు పెద్ద పురుగు తోక భాగం పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించే గొంగళి పురుగు మాత్రం నిమ్మ సీతాకోకచిలుకది, దానిని చేత్తో ఏరేస్తే సరిపోతుంది.

నిమ్మ ఆకుల పసుపు సంగతి ఇలా తేల్చుకోండి. నడిమి ఈనెకు రెండు వైపులా ఒకే విధంగా, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగితే అది జింకు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, కొద్దిగా సున్నం కలిపి కొత్త ఆకులు విచ్చుకున్నాక పిచికారీ చేస్తే సర్దుకుంటుంది. ఒక పక్క ఒక రకంగా, మరో పక్క వేరుగా మచ్చలు మచ్చలుగా పసుపు ఉంటే, కాయలు వంకరగా చిన్నవై ఉంటే గ్రీనింగ్‌ను అనుమానించాలి. దానికి మందు లేదు, చెట్టు తీసేయడమే. ఆ నిమ్మ చెట్టు సంగతి తేలేవరకు కమలా మొక్కను ఇంటికి తీసుకురావద్దు. ఒక కొమ్మను, ఆకులు కాయలతో సహా, ఉద్యాన అధికారికో, వెంకటగిరి దగ్గర పెట్లూరులో ఉన్న నిమ్మ పరిశోధన స్థానానికో తీసుకెళ్లి చూపించండి.

కరివేపాకును నరికేయవలసిన పని లేదు. దిబ్బను పెరటి అవతలి మూలకు జరపండి. కూరకు రెబ్బలు కోసేటప్పుడే పురుగు పట్టిన చిగుళ్లను కూడా తుంచి నీళ్ల బక్కెట్టులో వేయండి, కమలా చిగురు వేసినప్పుడల్లా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లండి.